మమ్మల్ని లెక్కపెట్టండి, మా బతుకుల్ని బజార్న పెట్టకండి



కులగణన మీద రాసిన గత భాగం చదివి, పీజీ చేస్తున్న ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో ఇలా అడిగాడు: “అన్నా, డేటా చోరీ, ప్రైవసీ ఇవన్నీ డబ్బున్నోళ్ల గోల కదా. మనోళ్ల దగ్గర దొంగలు ఎత్తుకుపోవడానికి ఏముంది?”

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. హాస్టల్ మీటింగుల్లో విన్నాను, యూనియన్ ఆఫీసుల్లో విన్నాను. “ముందు భూమి, చదువు, ఉద్యోగం సంగతి చూద్దాం, ఈ పాస్‌వర్డుల సంగతి తర్వాత” అనే పెద్దవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ భాగం మొత్తం ఆ ప్రశ్నకే జవాబు.

మన దగ్గర ఏముందో ముందు లెక్క చూద్దాం. మన వాడలో కూలికెళ్లే ఒక అమ్మను తీసుకోండి. ఆమెకు ఆధార్ ఉంది, రేషన్ కార్డు ఉంది, ఉపాధి జాబ్ కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది, బ్యాంకు పాస్‌బుక్ ఉంది, పిల్లల కులధ్రువీకరణ పత్రాలు ఉన్నాయి, డ్వాక్రా సంఘంలో పేరు ఉంది. వీటిలో ప్రతిదానికీ ఆమె పేరు, ఊరు, కులం, ఫోన్ నంబరు, వేలిముద్ర ఇచ్చింది. ఇవ్వకపోతే బియ్యం రావు, పింఛను రాదు, ఆపరేషన్ జరగదు.

డబ్బున్నోడు డబ్బు కట్టి పని చేయించుకుంటాడు. మనోళ్లు వివరాలు కట్టి చేయించుకుంటారు. ఈ దేశంలో ప్రభుత్వ కంప్యూటర్లలో ఎవరి బతుకు ఎక్కువగా నమోదై ఉందంటే పేదవాళ్లదే. కాబట్టి ఆ కంప్యూటర్ల తలుపులు తెరుచుకుంటే ముందు రోడ్డున పడేది కూడా మనమే. ఇది ఊహ కాదు, మన రాష్ట్రాల్లోనే జరిగింది.

2018 ఏప్రిల్. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అంతకన్నా ఒళ్లు జలదరించే విషయం ఇంకొకటి ఉంది. ఆ సైట్‌లో కులం పెట్టి వెతకొచ్చు, మతం పెట్టి వెతకొచ్చు. ఆ ఇల్లు ఎక్కడుందో కూడా తెలుసుకోవచ్చు. ఒక ఊళ్లో ఫలానా కులం వాళ్ల ఇళ్లు ఏవని అడిగితే ప్రభుత్వ వెబ్‌సైటే దారి చూపించే ఏర్పాటు!

కారంచేడు చూసినవాళ్లం, చుండూరు చూసినవాళ్లం. అప్పుడు దాడి చేసినవాళ్లకు వాడ ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఊరే అలా కట్టి ఉంది. పల్లె వదిలి పట్నం వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్న కుటుంబానికి మాత్రం కాస్త ఊపిరాడే చోటు దొరికింది. ఆ చోటును కూడా ఒక్క వెబ్‌సైట్ లాగేసుకోగలదు.

అదే నెలలో ఉపాధి హామీ చెల్లింపుల పోర్టల్ సంగతి బయటికొచ్చింది. ఈసారి దాదాపు 89 లక్షల మంది కూలీల ఆధార్ వివరాలు. జూన్‌లో అన్న సంజీవిని మందుల షాపుల సంగతి వచ్చింది. ఏ మనిషి ఏ మందు కొన్నాడో పేరుతో, ఫోన్ నంబరుతో సహా ఇంటర్నెట్‌లో కనిపించింది. తక్కువ ధరకు మందు దొరుకుతుందని ప్రభుత్వ షాపుకు వెళ్లిన పాపానికి ఆ మనిషి గుట్టు రట్టయింది. కార్పొరేట్ షాపులో కొన్నవాడు ఆ లిస్టులో లేడు.

అంతకు ఏడాది ముందే, 2017 మేలో, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బహిరంగంగా ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీ చెల్లింపులదొకటి, చంద్రన్న బీమాదొకటి. ముసలివాళ్ల పింఛన్లు, కూలీల వేతనాలు, అసంఘటిత కార్మికుల బీమా. లిస్టు చదివితే చాలు, ఎవరి వివరాలు బయట పడి ఉన్నాయో అర్థమైపోతుంది.

ఇక దొంగతనం సంగతి. “నా ఖాతాలో మూడు వేలుంటే ఎవడొస్తాడు” అంటారు. వస్తాడు. ఆధార్ చెల్లింపు విధానంలో ఓటీపీ అక్కర్లేదు, ఏటీఎం కార్డు అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే డబ్బు తీయొచ్చు. బ్యాంకు లేని ఊళ్లో ముసలమ్మకు పింఛను అందాలని పెట్టిన సౌకర్యం అది, మంచిదే. కానీ పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు పోతే మార్చుకోలేం.

వేలిముద్రను కూడా దొంగిలిస్తారా అని నవ్వకండి. 2018లోనే పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారి దొరికాడు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, టార్గెట్ కోసం వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్లకు ఆ సంగతే తెలియదు. రేపు అందులో ఒక నంబరుతో ఎవడో నేరం చేస్తే పోలీసు ఎవరి గుమ్మం తొక్కుతాడు? స్టేషన్లో “నాది కాదు సార్” అంటే ఎవరి మాట నమ్ముతారు, ఎవరి మాట నమ్మరు అనేది నేను మీకు చెప్పాలా?

హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ సింథటిక్ వేలిముద్రల కుంభకోణం గుర్తుందా? పారిశుధ్య కార్మికుల వేలిముద్రలకు నకళ్లు చేసి, పనికి రానివాళ్లకు హాజరు వేసి జీతాలు మింగారు. తెల్లారకముందే చీపురు పట్టుకునే ఆ కార్మికులు ఎవరి బిడ్డలో అందరికీ తెలుసు. వాళ్ల మీద నిఘాకని తెచ్చిన యంత్రాన్నే పైవాళ్లు దోపిడీ యంత్రం చేసుకున్నారు.

ఇప్పుడు ఆసుపత్రికి వద్దాం. అసలు సంగతి అక్కడుంది.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయని, దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడిందని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. రోజుల తరబడి ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. బీహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి రైలెక్కి వచ్చి గేటు బయట ఫుట్‌పాత్ మీద పడుకునే రోగులు ఆ క్యూలో ఇంకా వెనక్కి పోయారు. డేటా పోవడం అంటే గుట్టు పోవడం ఒక్కటే కాదు, వైద్యం ఆగిపోవడం కూడా.

2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఒక బాట్ వచ్చింది. ఫోన్ నంబరు కొడితే చాలు, కరోనా టీకా వేయించుకున్న మనిషి పేరు, ఇచ్చిన గుర్తింపు కార్డు నంబరు, టీకా వేసుకున్న కేంద్రం కనిపించాయి. కొవిన్ సైట్ భద్రంగానే ఉందని కేంద్రం ప్రకటించింది. మరి ఆ వివరాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది మామూలు జనానికి ఎవరూ విడమర్చి చెప్పలేదు. 2024లో స్టార్ హెల్త్ బీమా కంపెనీ ఖాతాదారుల వైద్య పత్రాలు కూడా ఇలాగే టెలిగ్రామ్ బాట్లలో తేలాయి.

ఇంకో రకం దొంగతనం ఉంది, దాని గురించి మనం అసలు మాట్లాడం. మన పేరు మీద ఇంకొకరికి వైద్యం రాయడం. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆయుష్మాన్ భారత్ కాగ్ నివేదిక చూడండి. ఒకే ఒక్క మొబైల్ నంబరుకు, అదీ పది తొమ్మిదులున్న నంబరుకు, దాదాపు 7.49 లక్షల మంది లబ్ధిదారులు జతై ఉన్నారు. అప్పటికే చనిపోయినట్టు డేటాబేస్‌లో ఉన్న 3,446 మంది పేరు మీద చికిత్స జరిగినట్టు చూపి 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు. బతికున్నప్పుడు మంచం దొరకని మనిషికి చచ్చాక చికిత్స దొరికింది!

దీనివల్ల మనకేం నష్టం అంటారా? కార్డు మీద మనం చేయించుకోని ఆపరేషన్ రాసి ఉంటే, నిజంగా అవసరమైన రోజున పరిమితి అయిపోయిందంటారు. ఇంకొకడి బ్లడ్ గ్రూపు, ఇంకొకడి జబ్బు మన రికార్డులోకి ఎక్కితే అది ప్రాణం మీదకే వస్తుంది.

ఆ తమ్ముడి ప్రశ్నకు అసలు జవాబు ఇప్పుడు చెబుతాను.

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రెండు ఘటనలున్నాయి. ఒకటి బరోడాది. విదేశాల్లో చదువుకుని వచ్చిన మనిషికి ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరు రాయించి పార్సీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చారు, ఎవరు నువ్వని నిలదీశారు, వెళ్లగొట్టారు. ఒక మనిషి వివరం బయటపడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

రెండోది కథియావాడ్‌ది. దళిత ఉపాధ్యాయుడి భార్య బాలింత, జబ్బు పడింది. వాడలోకి రానన్న డాక్టరు, ఆమెను బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిస్తే, అతను భర్తకిస్తే, భర్త ఆమెకు పెట్టాడు. ఆమె చనిపోయింది. ఆ డాక్టరుకు జబ్బుకన్నా ముందు కులం తెలిసింది. వైద్యం దగ్గర కులం తెలియడం అంటే అర్థం అది.

కాలం మారిందంటారా? ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష ఉందని 2007లో తొరాట్ కమిటీ చెప్పింది. ఐఐటీల్లో నీ ర్యాంకు ఎంత అని అడిగితే కులం అడిగినట్టే. ఆ ప్రశ్న అడగొద్దని ఐఐటీ బాంబే 2023లో మార్గదర్శకాలే ఇవ్వాల్సి వచ్చింది. అంటే ఒక్క ర్యాంకు చాలు మన బిడ్డను ఒంటరిని చేయడానికి. మరి కులం, ర్యాంకు, స్కాలర్‌షిప్, క్షయ మందులు వాడిన సంగతి, మానసిక వైద్యుడిని కలిసిన సంగతి, అన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఒకే వరసలో ఉంటే? పైకులపోడి డేటా పోతే డబ్బు పోవచ్చు. మన డేటా పోతే డబ్బుతోపాటు అద్దె ఇల్లు, ఉద్యోగం, పెళ్లి సంబంధం, హాస్టల్ గదిలో మనశ్శాంతి పోతాయి. అందుకే ప్రైవసీ డబ్బున్నోళ్ల గోల కాదు. ఆత్మగౌరవానికి అది ఒక తలుపు.

చట్టం ఏం చేసిందో చూడండి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2018లో శ్రీకృష్ణ కమిటీ రాసిన ముసాయిదాలో, 2019 బిల్లులో ‘సున్నితమైన వ్యక్తిగత డేటా’ అని ఒక జాబితా ఉండేది. ఆరోగ్యం, బయోమెట్రిక్‌లతోపాటు కులం, తెగ అందులో ఉన్నాయి. వాటికి ఎక్కువ కాపలా ఉండాలన్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఆ జాబితానే లేదు. చట్టం దృష్టిలో ఇప్పుడు నీ కులం, నీ జబ్బు, నీ ఈమెయిల్ అన్నీ ఒకటే! దీనిమీద దళిత సంఘాల నుంచి రావాల్సినంత గొంతు రాలేదు.

తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా చెబుతారు. ఆ డబ్బు నష్టపోయిన మనిషికి రాదు, కేంద్ర సంచిత నిధికి పోతుంది. పరిహారం అడగడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే ఎత్తేయమంటోంది. తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం మన మీద పదివేల దాకా జరిమానా.

ఇంకో మాట. 2025 నవంబర్‌లో నియమాలు నోటిఫై చేసినప్పుడు, మన డేటాను కాపాడాల్సిన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)కి చేసిన సవరణ మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఆఫీసరు ఇవ్వనని చెప్పొచ్చు. ప్రజాప్రయోజనం చూపి అడిగే 8(2) మిగిలి ఉన్నా ఆ భారం అడిగేవాడి నెత్తినే పడుతుంది. కూలిమనిషి గుట్టుకు గడువు, ఆఫీసరు గుట్టుకు తక్షణ రక్షణ!

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఇదంతా చదివి “అయితే కులగణనే వద్దు” అనేవాళ్లు తయారవుతారు. వాళ్లకు కావలసింది అదే. మన లెక్క తేలకపోతే ఎవరి వాటా ఎవరు తింటున్నారో తేలదు. లెక్క కావాలి, పేర్లు బయటికి రావద్దు. ఈ రెండూ కలిసి సాధ్యమే. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ చూడండి. జనగణనలో ఒక మనిషి చెప్పిన వివరాలను ఎవరూ తనిఖీకి తెప్పించుకోలేరు, కోర్టులో సాక్ష్యంగానూ వాడలేరు. మొత్తాలు బయటికి వస్తాయి, మనిషి కనిపించడు. రాష్ట్రాలు చేసే ప్రతి సర్వేకూ, ప్రతి పథకం డేటాబేస్‌కూ అలాంటి చట్టపు తాళం ఉండాలి.

సామాజిక తనిఖీ విషయంలోనూ అంతే. ఉపాధి మస్టర్లు గోడ మీద రాయించుకున్నది మనం పోరాడి. దొంగ పేర్లు పట్టుకున్నది అలాగే. పేరు, పని దినాలు, కూలి ఎంత అన్నవి ఊరందరికీ తెలియాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ఎవరికీ తెలియనక్కర్లేదు. పారదర్శకత పాలకుడికి, గోప్యత పౌరుడికి. దీన్ని తిరగేసి పెట్టారు, మనం సరిచేయాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి. కులం, తెగ, ఆరోగ్యం, బయోమెట్రిక్‌లను ప్రత్యేక రక్షణ ఉన్న డేటాగా చట్టంలోకి తిరిగి తేవాలి. డేటా పోతే ఆ మనిషికి తెలుగులో, ఫోన్ లేనివాళ్లకు ఇంటికొచ్చి చెప్పాలి. పరిహారం బాధితుడికి అందాలి. వేలిముద్రతో డబ్బు పోతే నిర్దోషినని కూలిమనిషి రుజువు చేసుకోవడం కాదు, బ్యాంకే లెక్క చెప్పాలి. ఆసుపత్రిలో చికిత్సకు సంబంధం లేని చోట కులం కాలమ్ తీసేయాలి.

ఇవి సాధించేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి, వాడల్లో, హాస్టళ్లలో ఈ పనులు మొదలుపెట్టండి.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ మీద అడ్డంగా “ఫలానా పనికి మాత్రమే” అని తేదీ వేసి రాయండి. మీసేవ, నెట్ సెంటర్ కంప్యూటర్లలో దించుకున్న కాపీ చెరిపించి లేవండి.

ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు, ఎంఆధార్ యాప్‌లో గానీ ఉడాయ్ సైట్‌లో గానీ. 1947కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. కానీ వేలిముద్ర పెట్టి పింఛను, రేషన్ తీసుకునే పెద్దవాళ్లకు చెప్పకుండా తాళం వేయకండి, ఆ నెల బియ్యం ఆగిపోతాయి. వాళ్ల పక్కన ఉండి తీయించి మళ్లీ వేయించండి. మన వేలిముద్ర ఎప్పుడు వాడారో ఆరు నెలల చరిత్ర కూడా ఉడాయ్ సైట్‌లో కనిపిస్తుంది.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. మనవి కానివి అక్కడే రిపోర్ట్ చేయొచ్చు.

ఆయుష్మాన్ డిజిటల్ ఆరోగ్య ఖాతా, ఆభా నంబరు, స్వచ్ఛందం. అది లేదని వైద్యం ఆపడానికి వీల్లేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. డిశ్చార్జి రోజున కార్డు మీద ఏ చికిత్స రాశారో అడగండి. మెడికల్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళే చెబుతోంది.

డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మన తప్పు లేకుండా మూడోవాడి మోసం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే మన బాధ్యత సున్నా అని ఆర్‌బీఐ 2017 జూలై 6 సర్క్యులర్‌లో చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టండి. పోలీసు కేసు రాయనంటే ఐటీ చట్టం 66సి గుర్తు చేయండి. ఇంకొకరి గుర్తింపు దొంగిలిస్తే మూడేళ్ల దాకా జైలు.

చివరగా మన సంఘాల సంగతి. ఇది కొందరికి చేదుగా ఉంటుంది. దాడి జరిగిన ఇంటికి వెళ్తాం, బాధితురాలి ఎఫ్‌ఐఆర్, కులపత్రం, మెడికల్ రిపోర్టు ఫోటో తీసి పది వాట్సాప్ గ్రూపుల్లో వేస్తాం. జబ్బుపడ్డ వాళ్లకు చందాలడుగుతూ పాస్‌బుక్ మొదటి పేజీ, ఆధార్, స్కాన్ రిపోర్టు కలిపి పోస్టు చేస్తాం. హాస్టల్ విద్యార్థుల స్కాలర్‌షిప్ సమస్యకని గూగుల్ షీట్ తెరిచి, లింకు ఉన్న ప్రతివాడికీ ఉపకులంతో సహా కనిపించేలా వదిలేస్తాం. ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్న ముందు మన గ్రూపు అడ్మిన్లకు వేయాలి. అడిగి తీసుకోండి, అవసరమైనంతే తీసుకోండి, నంబర్లు నల్లగా కొట్టేసి పెట్టండి, పని అయ్యాక చెరిపేయండి. కేసు గెలవడానికి కాగితం వకీలు దగ్గర ఉంటే చాలు, ఫేస్‌బుక్‌లో ఉండనక్కర్లేదు.

మన కులం మనం ఎక్కడ చెప్పుకోవాలో, ఎప్పుడు చెప్పుకోవాలో, ఏ గొంతుతో చెప్పుకోవాలో మనమే తేల్చుకుంటాం. వేదిక మీద పేరు పక్కన కులం పెట్టుకుని గర్జించడం మన హక్కు. ఓపీ చీటీ మీద, లీకైన షీటులో ఇంకొకడు మన కులం చదవడం మన హక్కును దొంగిలించడం. ఈ రెండింటి మధ్య తేడా తెలిసిన తరం కావాలి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ హాస్టల్లోనో మీ వాడలోనో పది మందిని కూర్చోబెట్టి, వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి, వాళ్ల వేలిముద్ర ఎప్పుడెప్పుడు వాడారో చూడండి. ఏం కనిపించిందో, ఎవరి పేర్లూ నంబర్లూ లేకుండా, నాకు రాయండి. కాగితాల మీద కొట్లాడే పద్ధతి, అంటే ఏ ఆఫీసుకు ఏం రాయాలి, ఎలా రాయాలి అనేది వచ్చే భాగంలో.

జై భీమ్.